పెట్టిన చేతి మీద సర్‌ఛార్జీ: పాప్లర్ నుంచి డర్హమ్ దాకా

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం "నిరుద్యోగ సహాయ నిధులు, ప్రభుత్వ పర్యవేక్షణ". ఇంత పొడిగా ఉన్న పేరు చూసి కూడా ఇంతమంది వచ్చారంటే, మీలో సగం మంది ఆడిట్ డిపార్ట్‌మెంటు వాళ్లే అయ్యుండాలి. (నవ్వులు) నేనూ లోకల్ ఫండ్ ఆడిట్‌లో పనిచేసి రిటైరైన వాడినే. కాబట్టి మనకు అలవాటైన మాటల్లోనే చెప్పుకుందాం. కథ మాత్రం మన దగ్గరిది కాదు. నూరేళ్ల కిందటి ఇంగ్లండుది.

అంత దూరం ఎందుకు వెళ్లాలంటే, మన చేతిలో ఉన్న సర్‌ఛార్జీ అనే ఆయుధం పుట్టింది అక్కడే. నిబంధనకు విరుద్ధంగా ఖర్చు పెడితే ఆ సొమ్మును ఖర్చు పెట్టినవాళ్ల సొంత జేబు నుంచి వసూలు చేయడం అనే పద్ధతి ఇంగ్లండులో పేదల సహాయ బోర్డుల లెక్కలు చూసే డిస్ట్రిక్ట్ ఆడిటర్ చేతిలో పదును తేలింది. తర్వాత మన స్థానిక సంస్థల చట్టాల్లోకి వచ్చింది. ఆ ఆయుధంతో వాళ్లు ఎవరిని కొట్టారో తెలుసుకుంటే మనకూ పనికొస్తుంది.

ముందు వాళ్ల ఏర్పాటు చూద్దాం. 1834 పేదల చట్టం కింద కొన్ని ఊళ్లను కలిపి ఒక యూనియన్ చేశారు. ఒక్కో యూనియన్‌కు ఒక గార్డియన్స్ బోర్డు. ఆ బోర్డు సభ్యులను ఓటర్లే ఎన్నుకుంటారు. ముసలివాళ్లు, అనాథలు, జబ్బుపడినవాళ్లు, పని దొరకనివాళ్లు, ఎవరికి ఎంత సహాయం చేయాలో ఆ బోర్డే నిర్ణయిస్తుంది. డబ్బు మాత్రం లండన్‌లోని ఖజానా నుంచి రాదు. ఆ ప్రాంతంలోని ఇళ్లు, దుకాణాలు, గోదాముల మీద వేసే పన్ను నుంచే రావాలి. అంటే మన ఇంటి పన్ను లాంటిది.

1911లో నిరుద్యోగ బీమా పెట్టారు, 1920లో దాన్ని చాలా రంగాలకు విస్తరించారు. బీమా ఉన్నవాడికి పని పోతే కొన్ని వారాలు డబ్బు వస్తుంది. ఆ వారాలు అయిపోతే? అసలు బీమాలోనే లేకపోతే? అప్పుడు గార్డియన్స్ గుమ్మం తొక్కాల్సిందే. యుద్ధం అయిపోయాక కొద్దికాలం వ్యాపారం బాగానే సాగింది, తర్వాత ఒక్కసారిగా కూలబడింది. 1921 మధ్యకల్లా నమోదైన నిరుద్యోగులు 20 లక్షలు దాటారు.

ఇప్పుడు పాప్లర్‌కు వద్దాం. లండన్ తూర్పు వైపు, రేవు పక్కన ఉన్న కార్మికుల పేట. పొద్దున్నే డాక్ గేటు దగ్గర నిలబడాలి, మేస్త్రీ చేయి చూపిస్తే ఆ పూట కూలి, లేకపోతే ఇంటికి. ఓడలు తగ్గాయంటే పేట మొత్తం పస్తు. అలాంటి చోట పన్ను ఎంత వస్తుంది? ఇళ్లు చిన్నవి, అద్దెలు తక్కువ. ఒక పౌండు విలువకు ఒక పెన్నీ పన్ను వేస్తే పాప్లర్‌లో వచ్చే మొత్తానికి దాదాపు తొమ్మిది రెట్లు వెస్ట్‌మిన్‌స్టర్‌లో వచ్చేది. వెస్ట్‌మిన్‌స్టర్‌లో సహాయం అడిగేవాళ్లు తక్కువ, పాప్లర్‌లో ఎక్కువ. పేదవాడి పోషణ భారం పక్కింటి పేదవాడి మీదే పడే ఏర్పాటు ఇది. దీన్ని ఎవరూ కుట్రపన్ని తయారు చేయలేదు. 1834 నాటి ఊళ్ల లెక్కను మహానగరానికి తగిలిస్తే అలా తయారైంది.

1919 ఎన్నికల్లో పాప్లర్ కౌన్సిల్‌లో 42 స్థానాలకు 39 లేబర్ పార్టీ గెలిచింది. నాయకుడు జార్జ్ లాన్స్‌బరీ. రేవు కూలీలు, రైల్వే కార్మికులు, పోస్ట్‌మన్‌లు, గృహిణులు కౌన్సిలర్లయ్యారు. 1921లో వాళ్లు ఒక తీర్మానం చేశారు. ఆ తీర్మానం మన మున్సిపాలిటీల వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మన దగ్గర ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి కదా? చేస్తున్నామా లేదా అన్నది ఇక్కడ అడగను. (నవ్వులు) అలాగే పాప్లర్ కూడా తన పన్నుతో పాటు లండన్ కౌంటీ కౌన్సిల్‌కు, పోలీసుకు, ఆస్పత్రుల బోర్డుకు, నీటి బోర్డుకు విడివిడిగా వసూలు చేసి కట్టాలి. 1921లో పాప్లర్ వాళ్లు "ఆ నాలుగూ వసూలు చేయం. మా పేదలకు పెట్టడానికే మా పన్ను చాలడం లేదు" అని తెగేసి చెప్పారు.

కౌంటీ కౌన్సిల్ కోర్టుకెళ్లింది. జూలై 29న కౌన్సిలర్లు పాప్లర్ నుంచి హైకోర్టు దాకా ఊరేగింపుగా నడిచి వెళ్లారు. ముందు బ్యానర్ మీద "పాప్లర్ కౌన్సిల్ హైకోర్టుకు నడుస్తోంది, బహుశా జైలుకు కూడా" అని రాసుకున్నారు. అన్నట్టే సెప్టెంబర్‌లో 30 మందిని జైల్లో పెట్టారు. మగవాళ్లు 25 మంది బ్రిక్స్‌టన్‌లో, ఆడవాళ్లు ఐదుగురు హాలోవేలో. ఆ ఐదుగురిలో నెల్లీ క్రెసల్ అప్పుడు గర్భిణి. కౌన్సిల్ సమావేశాలు జైల్లోనే జరిపారు. హాలోవే నుంచి మహిళా సభ్యులను టాక్సీలో బ్రిక్స్‌టన్‌కు తీసుకొచ్చేవారు. జైల్లో జరిగిన సమావేశం మినిట్స్ బుక్కు ఆడిట్ చేసే భాగ్యం మనలో ఎవరికీ దక్కలేదు.

ఆరు వారాలకు ప్రభుత్వమే దారి వెతుక్కుంది. అక్టోబర్ 12న వాళ్లు బయటికొచ్చారు. ఆ సంవత్సరమే ఒక చట్టం తెచ్చి, ఇళ్లకు పంపే సహాయం ఖర్చును లండన్ మొత్తం పంచుకునేలా ఉమ్మడి నిధి నుంచి ఇస్తామన్నారు. అంటే వెస్ట్‌మిన్‌స్టర్ డబ్బు పాప్లర్‌కు రావడం మొదలైంది. జైలుకెళ్లిన వాళ్లలో మిన్నీ లాన్స్‌బరీ, జార్జ్ లాన్స్‌బరీ కోడలు, 1922 జనవరి 1న న్యుమోనియాతో పోయింది. ఆమెకు 32 ఏళ్లు.

చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడ ఆపేస్తారు. ఊరేగింపు, జైలు, విజయం. ఆడిటర్‌గా నాకు ఆసక్తి మొదలయ్యేది ఇక్కడి నుంచే. ఎందుకంటే ఉమ్మడి నిధి ఊరికే రాలేదు, ఒక రేట్ల పట్టికను వెంట తెచ్చుకుంది. ఆరోగ్య మంత్రి ఆల్ఫ్రెడ్ మాండ్ 1922 జనవరిలో, ఏ కుటుంబానికి గరిష్ఠంగా ఎంత ఇవ్వొచ్చో ఒక స్కేలు ప్రకటించారు. స్కేలు లోపల ఇస్తే ఉమ్మడి నిధి భరిస్తుంది. దాటితే మీ ఊరి పన్ను నుంచి పెట్టుకోండి. మనకు తెలిసిన ప్రతి కేంద్ర పథకంలోనూ ఉండే సూత్రమే ఇది.

పాప్లర్ గార్డియన్స్ స్కేలు దాటారు. మంత్రి అప్పుడు ఒక పరిశీలకుణ్ని పంపారు. ఆయన కూపర్, బోల్టన్ గార్డియన్స్ బోర్డులో క్లర్కు. అంటే ఇలాంటి బోర్డు పని లోపలి నుంచి తెలిసిన మనిషి. ఆయన రిపోర్టును నేను ఆడిట్ రిపోర్టులా చదువుతాను. అందులో రెండు రకాల అభ్యంతరాలు కలిసిపోయి ఉన్నాయి. ఒక రకం: దరఖాస్తుదారు చెప్పిన ఆదాయాన్ని యజమాని దగ్గర సరిచూడటం లేదు, విచారణ సరిగ్గా జరగడం లేదు. ఈ పేరా నేనైనా రాసేవాణ్నే. రెండో రకం: మీరు ఇచ్చే మొత్తం చాలా ఎక్కువ, ఇలా ఇస్తే పని వెతుక్కోవాలన్న ఆసక్తి పోతుంది. ఇది లెక్కల తప్పు కాదు. ఇది ఒక అభిప్రాయం. అభిప్రాయం చెప్పే హక్కు మంత్రికి ఉంది, పార్లమెంటుకు ఉంది, ఓటరుకు ఉంది. కానీ దాన్ని మొదటి రకం పేరాతో కలిపి ఒకే దారానికి గుచ్చితే, చదివేవాడికి రెండూ అవినీతిలాగే కనిపిస్తాయి. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నదంతా ఈ రెండు పేరాల గురించే.

గార్డియన్స్ దానికి జవాబుగా ఒక కరపత్రం వేశారు. పేరు "నేరస్థులమే, అందుకు గర్విస్తున్నాం". మంత్రి 1922లో ఒక ఉత్తర్వు ఇచ్చి స్కేలు దాటొద్దని కట్టడి చేశారు. పాప్లర్ ఆ ఉత్తర్వును ఫైల్లో పెట్టి తన పని తాను చేసుకుంది. ప్రభుత్వానికి మళ్లీ 30 మందిని జైల్లో పెట్టే ధైర్యం లేదు. చివరికి 1924 ఫిబ్రవరిలో తొలి లేబర్ ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి జాన్ వీట్లీ ఆ ఉత్తర్వునే రద్దు చేశారు. ఎవరూ పాటించని ఉత్తర్వు ఉండటం కన్నా లేకపోవడమే మేలన్నది ఆయన వాదన. ప్రతిపక్షాలు గొడవ చేశాయి కానీ వాదన మాత్రం సబబుగానే ఉంది.

మంత్రి చేయలేనిది ఆడిటర్ చేశాడు. ఇది సహాయం గురించి కాదు, జీతాల గురించి. కానీ మన వృత్తికి ఇంతకన్నా ముఖ్యమైన కేసు లేదు. పాప్లర్ కౌన్సిల్ తన కింద పనిచేసే వాళ్లకు వారానికి కనీసం నాలుగు పౌండ్లు ఇచ్చేది. మగవాళ్లకూ అంతే, ఆడవాళ్లకూ అంతే. ధరలు తగ్గినా ఆ మొత్తం తగ్గించలేదు. చట్టంలో ఏముందంటే, కౌన్సిల్ "తనకు తగినదని తోచిన" జీతాలు ఇవ్వొచ్చు. డిస్ట్రిక్ట్ ఆడిటర్ మార్కెట్ కూలితో పోల్చి, ఎక్కువ ఇచ్చిన దాంట్లో ఐదు వేల పౌండ్లను కౌన్సిలర్ల మీద సర్‌ఛార్జీ వేశాడు.

కేసు అప్పట్లో వాళ్ల చివరి అప్పీలు కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. రాబర్ట్స్ వర్సెస్ హాప్‌వుడ్, 1925. రాబర్ట్స్ అంటే ఆ ఆడిటర్. లార్డ్స్ ఆడిటర్ పక్షానే తీర్పిచ్చారు. కౌన్సిల్ పన్నుదారుల సొమ్ముకు ధర్మకర్త లాంటిది, "తోచినంత" అంటే "సహేతుకంగా తోచినంత" అని. లార్డ్ అట్కిన్‌సన్ ఇంకో అడుగు ముందుకేసి, కౌన్సిలర్లు విచిత్రమైన సోషలిస్టు దాతృత్వ సూత్రాలకు, ఆడ మగ సమాన జీతమనే స్త్రీవాద ఆశయానికి లోబడ్డారని రాశాడు. ఇవాళ ఆడ మగ సమాన జీతం ఇవ్వకపోతేనే అభ్యంతరం రాస్తాం. ఆ రోజు ఇచ్చినందుకు సర్‌ఛార్జీ.

ఇందులో ఒక్క పెన్నీ కూడా ఎవరి జేబులోకీ పోలేదు. మస్టరులో, అంటే కూలీల హాజరు పట్టీలో, దొంగ పేర్లు లేవు. డబ్బు ఎవరికి చేరాలో వాళ్లకే చేరింది. ఆడిటర్ పనుల కొలతలు రాసే మెజర్‌మెంటు బుక్కు పక్కన పెట్టి, కౌన్సిలర్ల మనసు కొలిచాడు. సహేతుకం అన్న గీత ఎక్కడ గీయాలో లెక్కలు చెప్పవు, గీసేవాడి ఇల్లు ఏ పేటలో ఉందో అది చెబుతుంది.

సరే, 1926కు వద్దాం. పాప్లర్ పక్కనే వెస్ట్ హామ్. లండన్ కౌంటీ సరిహద్దు బయట ఉంది కాబట్టి దానికి ఉమ్మడి నిధి లేదు. సహాయం పెరిగే కొద్దీ ప్రభుత్వం దగ్గర అప్పు మీద అప్పు తెచ్చుకుంది. ఆరోగ్య మంత్రి నెవిల్ చాంబర్లేన్, తర్వాత ప్రధాని అయిన ఆయనే, మళ్లీ అప్పు కావాలంటే సహాయం రేట్లు తగ్గించండి అన్నాడు. బోర్డు ఆయన అడిగినంత తగ్గించలేదు. జూలైలో పార్లమెంటు ఒక చట్టం చేసింది. గార్డియన్స్ బోర్డుల డిఫాల్ట్ చట్టం. ఏదైనా బోర్డు తన పని చేయలేని స్థితిలో ఉందని మంత్రికి తోస్తే, ఎన్నికైన వాళ్లను తీసేసి తను కోరినవాళ్లను వేయొచ్చు. మన దగ్గర స్పెషలాఫీసర్ పాలన అన్నమాట.

వెస్ట్ హామ్ మొదటిది. తర్వాత ఆగస్టులో ఉత్తరాన డర్హమ్ బొగ్గు ప్రాంతంలోని చెస్టర్-లె-స్ట్రీట్. 1927 ఫిబ్రవరిలో దక్షిణ వేల్స్‌లోని బెడ్వెల్టీ. తర్వాత ఆరోగ్య మంత్రి అయిన అన్యూరిన్ బెవన్ ఊరు ట్రెడెగర్ ఆ యూనియన్‌లోదే. మూడుచోట్లా కొత్తగా వచ్చిన నియమిత గార్డియన్స్ చేసిన మొదటి పని సహాయం తెగ్గోయడం.

చెస్టర్-లె-స్ట్రీట్ సంగతి మాత్రం కాస్త ఆగి చూడాలి. ఇక్కడ నేను పూర్తిగా బోర్డు పక్షాన మాట్లాడలేను. 1926 మేలో గని యజమానులు కూలి తగ్గించి, ఒప్పుకోని పనివాళ్లను గేటు బయట పెట్టేశారు. నెలల తరబడి లాకౌట్. 1900లో మెర్థర్ టిడ్‌ఫిల్ కేసులో వచ్చిన తీర్పు ప్రకారం, ఒళ్లు బాగుండి కూడా పనికి పోనివాడికి సహాయం ఇవ్వకూడదు, కానీ అతని భార్యాపిల్లలకు ఇవ్వొచ్చు. అలా ఇచ్చిన దాంతోనే వేల కుటుంబాలు బతికాయి. ఆ బోర్డులో ఎక్కువమంది గని కార్మికులే, వాళ్ల బంధువులే. అంటే ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఒకే కార్మిక సంఘం మనుషులు. తీసేశాక వచ్చినవాళ్లు, బోర్డు తన వాళ్లకు ఒక న్యాయం, కానివాళ్లకు ఒక న్యాయం చేసిందని రిపోర్టు రాశారు. ఆ రిపోర్టు రాసింది వాళ్ల స్థానంలో కూర్చున్నవాళ్లే కాబట్టి కొంత తీసేసి చదవాలి. అయినా, సొంత మేలు ముడిపడి ఉన్నవాళ్లు సంతకం పెట్టడం అభ్యంతరకరమే. ఇది మొదటి రకం పేరా. దీనికి మందు ఏమిటి? ఆ సభ్యులను ఆ తీర్మానాలకు దూరంగా ఉంచడం, స్వతంత్ర విచారణ పెట్టడం, తిన్నవాళ్లుంటే వాళ్ల నుంచి వసూలు చేయడం. వీటిలో ఏదీ చేయకుండా ఎన్నికలే ఎత్తేసి, ముందు పిల్లల తిండి తగ్గించారు. జబ్బు ఒకటి, చీటీ ఇంకొకటి.

చాంబర్లేన్ అంతటితో ఆగలేదు. 1929 చట్టంతో ఆరు వందలకు పైగా ఉన్న గార్డియన్స్ బోర్డులన్నిటినీ 1930 ఏప్రిల్ 1 నుంచి రద్దు చేశాడు. వాటి పని కౌంటీ కౌన్సిళ్లు, పెద్ద పట్టణ కౌన్సిళ్లు వేసే కమిటీలకు వెళ్లింది. వాటి పేరు పబ్లిక్ అసిస్టెన్స్ కమిటీలు. యూనియన్ పెద్దదైతే స్థానిక ఒత్తిడి తగ్గుతుందని ఆశ. ఇందులో కొంత మంచి కూడా ఉంది, భారం ఎక్కువ విస్తీర్ణం మీదికి వెళ్లింది.

తర్వాత 1931 సంక్షోభం. జాతీయ ప్రభుత్వం వచ్చి నిరుద్యోగ భృతిని పది శాతం కోసింది. మగవాడికి వారానికి 17 షిల్లింగులు ఉన్నది 15 షిల్లింగుల 3 పెన్నీలకు దిగింది. బీమా వారాలు అయిపోయిన వాళ్లకు "ట్రాన్సిషనల్ చెల్లింపు" అని పెట్టి, దానికి మీన్స్ టెస్టు తగిలించారు. డబ్బు మొత్తం కేంద్ర ఖజానాది. ఎవరికి ఎంత అవసరమో తేల్చేది మాత్రం స్థానిక కమిటీ. డబ్బు ఒకరిది, సంతకం ఇంకొకరిది. ఆడిట్‌లో ఉన్నవాడికి ఈ మాట వినగానే టెన్షన్ మొదలవుతుంది.

మీన్స్ టెస్టు ఎలా జరిగేదంటే, ఒక మనిషి ఇంటికి వచ్చి కుటుంబం మొత్తం ఆదాయం రాసుకుంటాడు. కొడుకు సంపాదిస్తే తండ్రి భృతిలో కోత. కూతురు టైపిస్టు అయితే కోత. దాచుకున్న సొమ్ముంటే కోత. యుద్ధంలో గాయపడినందుకు వచ్చే పెన్షన్‌ను కూడా మొదట చాలాచోట్ల ఆదాయంగానే లెక్కేశారు, 1932లో చట్టం చేసి అందులో సగం వదిలేయమన్నారు. కోతలు తప్పించుకోవడానికి ఎదిగిన కొడుకులు ఇల్లు వదిలి వేరే గది తీసుకున్న కుటుంబాలు ఎన్నో. రేషన్ కార్డు కోసం మన ఇళ్లలో కాగితం మీద జరిగే వేరు కాపురాలు అక్కడ నిజంగానే జరిగాయి.

కమిటీల్లో ఉన్నది ఆ ఊరి మనుషులే. టేబుల్‌కు అవతల నిలబడ్డవాడు తెలిసినవాడే. కాబట్టి ఒక్కోచోట ఒక్కో తీరు. మెర్థర్ టిడ్‌ఫిల్, రాథర్‌హామ్ లాంటి చోట్ల అడిగినవాళ్లలో వందకు తొంభై మందికి పైగా పూర్తి భృతి వచ్చేది. లాంకషైర్ కౌంటీలో ఐదో వంతు మందికి కూడా పూర్తి భృతి దక్కలేదు. ఒకే దేశం, ఒకే చట్టం, ఒకే ఖజానా. ప్రభుత్వం సర్క్యులర్లు పంపింది, హెచ్చరించింది. చివరికి 1932లో రాథర్‌హామ్‌లోనూ డర్హమ్ కౌంటీలోనూ ఆ పనిని కమిటీల చేతిలోంచి తీసేసి కమిషనర్లను వేసింది.

ఇక్కడ నేను గమనించేది, తీసేసింది ఉదారంగా ఇచ్చిన కమిటీలను. మరీ బిగబట్టిన కమిటీ మీదికి ఏ కమిషనరూ రాలేదు. అర్హుడికి రావాల్సింది ఇవ్వకపోవడం కూడా నిబంధన ఉల్లంఘనే కదా? ఆ అభ్యంతరం రాసే కాలమ్ ఫారంలోనే లేదు. నిజం చెప్పాలంటే మన ఫారంలో కూడా చాలాకాలం లేదు. ఎక్కువ చెల్లింపు అని రాస్తాం, తక్కువ చెల్లింపు అని ఎన్నిసార్లు రాశాం?

ఆ సంవత్సరమే వీధులు వేడెక్కాయి. సెప్టెంబర్‌లో బర్కెన్‌హెడ్‌లో రోజుల తరబడి ఘర్షణలు. అక్టోబర్‌లో బెల్‌ఫాస్ట్‌లో, అక్కడ ఇంకా గార్డియన్స్ బోర్డే ఉంది, సహాయపు పనులు చేసే కూలీలు సమ్మె చేశారు. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఒకే ఊరేగింపులో నడిచారు. ఆ ఊళ్లో అది ఎంత అరుదో చెప్పక్కర్లేదు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి బోర్డు రేట్లు పెంచింది. 1933 జనవరికి బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షల దగ్గరికి చేరింది.

ప్రభుత్వం ఆలోచించింది. ఈ స్థానిక కమిటీలతో తలనొప్పి ఎందుకు, రాజకీయాలకు అతీతంగా ఒకే బోర్డు, దేశమంతా ఒకే స్కేలు. 1934 చట్టంతో నిరుద్యోగ సహాయ బోర్డు పుట్టింది. అప్పటిదాకా కార్మిక మంత్రిగా ఉన్న హెన్రీ బెటర్టన్, లార్డ్ రష్‌క్లిఫ్ పేరుతో చైర్మన్ అయ్యాడు. కొత్త రేట్లు 1935 జనవరి 7 నుంచి అమలు. సగటు మీద ఎవరికీ నష్టం ఉండదని వాళ్ల అంచనా.

అంచనా ఎందుకు తప్పిందో వినండి, ఇది నాకు బాగా నచ్చే భాగం. స్థానిక కమిటీలు నిజంగా ఎంత ఇస్తున్నాయో కేంద్రానికి తెలియదు. అద్దె చూసి ఒక షిల్లింగు, పిల్లాడికి జబ్బని ఇంకో షిల్లింగు, కొడుకు జీతంలో కొంత చూసీచూడనట్టు వదిలేయడం. ఇవన్నీ కాగితం మీద కనిపించని సర్దుబాట్లు. పన్నెండేళ్లు తనిఖీలు చేసి, బోర్డులు రద్దు చేసి, కమిషనర్లను పంపి కూడా, కిందిస్థాయిలో అసలు లెక్క ఏమిటో పైవాళ్లు నేర్చుకోలేదు. వాళ్లు వెతికింది అతిదానం కోసం. మామూలు దానం ఎంతో చూడలేదు. కొత్త స్కేలు దిగగానే లక్షల ఇళ్లలో భృతి తగ్గింది.

దక్షిణ వేల్స్‌లో ఫిబ్రవరి 3న లోయలన్నీ కలిపి మూడు లక్షల మంది దాకా రోడ్డెక్కారని చెబుతారు. మరునాడు మెర్థర్‌లో ఆడవాళ్లు ముందు నడిచి బోర్డు ఆఫీసు మీద పడి కాగితాలు చింపి పోశారు. ఫిబ్రవరి 5న కార్మిక మంత్రి ఆలివర్ స్టాన్లీ పార్లమెంటులో లేచి, పాత కమిటీ రేటు, కొత్త బోర్డు రేటు, రెండిట్లో ఏది ఎక్కువైతే అదే ఇస్తామన్నాడు. నెల కూడా తిరగలేదు. ఆ "స్టాండ్‌స్టిల్" 1936 నవంబర్‌లో కొత్త రేట్లు వచ్చేదాకా సాగింది. నేరస్థుల జాబితాలో పెట్టిన కమిటీల రేట్లనే ప్రభుత్వం తన చేత్తో దేశమంతటా కట్టాల్సి వచ్చింది.

కమిటీలు ఉన్నంతకాలం జనం కోపం కమిటీ గుమ్మం దగ్గర ఆగేది. వాటిని పక్కకు తప్పించగానే ఆ కోపం నేరుగా మంత్రి దగ్గరికి చేరింది. కేంద్రీకరణ వల్ల జరిగిన మేలు అంటే అదే, జవాబు చెప్పాల్సింది ఎవరో అందరికీ తెలిసిపోయింది.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలు ఉంటే అడగండి.

సభలో ఒకరు: సార్, మీరు చెప్పింది వింటే అసలు పర్యవేక్షణే వద్దన్నట్టుంది. మన దగ్గర ఉపాధి హామీలో దొంగ మస్టర్లు చూశాం కదా?

అయ్యో, వద్దని ఎందుకంటాను, జీవితమంతా దాని మీదే బతికాను. (నవ్వులు) మంచి ఉదాహరణ ఎత్తారు. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ చేత సామాజిక తనిఖీ చేయించమంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి అది పెద్ద ఎత్తున మొదలైంది, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ పెట్టారు. తనిఖీ చేసే పిల్లలు మస్టరు కాపీ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, "అమ్మా, నీ పేరున ఇన్ని రోజులు పడ్డాయి, నువ్వు చేశావా, డబ్బు ముట్టిందా" అని అడుగుతారు. తర్వాత మండలంలో అందరి ముందు చదువుతారు. ఇక్కడ అడిగే ప్రశ్న "నీకు ఎందుకు ఇంత ఇచ్చారు" అని కాదు, "నీకు రావాల్సింది నీకు వచ్చిందా" అని. పాప్లర్‌కు వచ్చిన కూపర్ ఈ ప్రశ్నతో మొదలుపెట్టి ఉంటే రిపోర్టు వేరేగా ఉండేది. మన దగ్గర లోపం ఎక్కడంటే, తేలిన సొమ్ములో రికవరీ అయ్యేది చాలా తక్కువ. కనిపెట్టడంలో మనం ఘనులం, వసూలులో కాదు.

ఇంకొకరు: అవినీతి నిజంగా తేలితే నిధులు ఆపేయడం తప్పా? చట్టంలో ఆ అధికారం ఉంది కదా?

ఉంది. అదే చట్టంలో 27వ సెక్షన్. దాని కింద 2022 మార్చిలో పశ్చిమ బెంగాల్‌కు ఉపాధి హామీ నిధులు ఆపేశారు. అక్కడ అక్రమాలు జరగలేదని నేను అనడం లేదు. కానీ ఆపింది ఎవరి డబ్బు? దొంగ మస్టరు రాసినవాడికి నెల జీతం వస్తూనే ఉంది. మట్టి పని చేసినవాడి కూలి ఆగింది. 2025 జూన్‌లో కలకత్తా హైకోర్టు, అక్రమాలు జరగకుండా మీకు కావలసిన షరతులు పెట్టుకోండి, పథకాన్ని మాత్రం ఆగస్టు 1 నుంచి మళ్లీ మొదలుపెట్టండి అంది. ఆడిట్ నోటులో మనం కూడా అలాగే రాయొచ్చు. తిన్నవాడి పేరు మీద రికవరీ ఒక పేరా, చేసినవాడి కూలి విడుదల ఇంకో పేరా. రెండో పేరా మొదటిదాని కోసం ఎదురుచూడక్కర్లేదు.